షామీర్‌పేట చెరువులో కారే పడవ

మా నాన్న తాళ్లరేవులో పడవలు కట్టిన వడ్రంగి. ఇప్పుడు గుండ్లపోచంపల్లిలో మాతోనే ఉంటున్నారు. ఆయన పని గురించి విన్న ఒక జాలరి షామీర్‌పేట చెరువుకు పిలిచి తన పాత చెక్కపడవ చూపించాడు. "నీళ్లు లోపలికొస్తున్నయ్ పెద్దాయనా, జర సూడు."

పలకల సందుల్లో పత్తి కూరుతూ నాన్న చెప్పారు. "మా తాత మేకు కొట్టేవాడు కాదు. పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవాడు. మా నాన్న మేకులు వాడినా ముందు పలకలే కలిపేవాడు. నేనైతే ముందు పక్కటెముకల్లాంటి చట్రం నిలబెట్టి, దానికి పలకలు బిగించేవాణ్ణి."

"గా మూడిట్ల ఏది మంచిగుంటది?" అన్నాడు జాలరి.

"కుట్టిన పడవ ఇసుకమేటకు తగిలితే వంగేది, విరిగేది కాదు. తాత నేర్పుతానన్నాడు. పాతపని నాకెందుకని నేనే వద్దన్నాను."

సాయంత్రానికి పడవ కారడం ఆగింది. నాన్న అందులో ఒడ్డువెంట కాస్త దూరం వెళ్లొచ్చారు.