కడప బండ మీద కాగితపు గుర్రం

మా ముత్తాత కాలంలో పత్తికొండ పక్క మూడు ఊళ్ల తగవులు మా అరుగు మీదే తీరేవి. మా తాత పొలానికి తెల్లగుర్రం మీద తప్ప వెళ్లి ఎరగడు. సొంత ఊళ్లో మమ్మల్ని ఇప్పటికీ 'గుర్రమోళ్లు' అనే అంటారు. మన ఇంట్లో మగవాళ్లు పరాయి చోట నేల మీద కూర్చోరని మా నాయన నాకు చిన్నప్పుడే చెప్పాడు.

ఇప్పుడు నేను కర్నూలులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఆ మధ్య వీధి చివరి గ్రంథాలయంలో నోటీసు బోర్డుకు గుచ్చిన తెల్లకాగితపు గుర్రాన్ని చూసి ఆగిపోయాను. కత్తెర లేదు, జిగురు లేదు, ఒక్క చదరపు కాగితం! ఒరిగామి అంటారట, ఆదివారం ఎవరికైనా ఉచితంగా నేర్పుతారట. ఆ గుర్రాన్ని నా చేత్తో చేసి తీరాలనిపించింది. ఆదివారం దాకా దొరికిన బస్సు టికెట్టునల్లా మడుస్తూనే ఉన్నాను.

తీరా వెళ్తే అందరూ నేల మీదే కూర్చున్నారు. ఒక ఆటో డ్రైవరు, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, ఎమ్మిగనూరు నేత కుటుంబంలోని పెద్దావిడ. నేను కుర్చీ అడిగి వేయించుకున్నాను.

"పడవతో మొదలుపెడదాం సార్," అంది టీచరమ్మ.

"గుర్రమే. మా ఇంట్లో గుర్రం ఉండేది," అన్నాను.

ఆమె ఓపికగా చూపించింది. తొడ మీద కాగితం పెట్టుకుని మూడుసార్లు మడిచాను. మూడుసార్లూ గుర్రం కాళ్లు చాపి పడిపోయింది.

"ఏమప్పా, గుర్రానికి కల్లు తాపినావా యేం?" అంది నేత పెద్దావిడ. అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

"తొడ మింద మడిస్తే మడత యాడ నిలుస్తాది? బండ మింద పెట్టి గోరుతో గీకల్ల. కిందికి రాప్పా, నీ కుర్చీ యాడికీ పోదులే."

లేచాను. తలుపు వైపు చూశాను. చేతిలో నలిగిన గుర్రం ఉంది. అప్పుడు కూర్చున్నాను, ఆవిడ పక్కనే, నేల మీద.

నేలకు పరిచిన నల్లటి కడప బండ చల్లగా, నున్నగా ఉంది. చీరలు మడిచీ మడిచీ అరిగిన గోరుతో ఆవిడ ఒక గీత గీసి చూపింది. నేనూ గీశాను. మడత కత్తి అంచులా తేలింది! ఇక చేతులు ఆగలేదు. మెడ వచ్చింది, చెవులు వచ్చాయి, కాళ్లు నాలుగూ విడిపోయాయి. అరగంట క్రితం ఉత్త కాగితం! ఊపిరి బిగబట్టి బండ మీద పెట్టి చెయ్యి తీశాను.

"నిలబడింది!" అని అరిచాను. నేను అలా అరిచి ఎన్నేళ్లయిందో.

"నిలబడ్డాది సార్! శానా బాగుండాది," అన్నాడు డ్రైవరు, తను మడుస్తున్న కాగితపు కప్పను పక్కన పెట్టి.

పెద్దావిడ గుర్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మీ ఇంట్లో గుర్రం గూడా ఇట్లే ఉండేదాప్పా?"

నేను దాన్ని చూడలేదు. నేను పుట్టక ముందే మా తాత దాన్ని జీనుతో సహా అమ్మేశాడు.