బావ చెప్పే టైము

మంగళవారం తెల్లవారుజామున మా వీధి కారు డ్రైవరు చనిపోయాడు. వజ్రపుకొత్తూరు మండలంలో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ల గురించి ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. ఈయన గురించి మాత్రం వార్త రాయలేకపోయాను. చుట్టం కాదు. నేను బావా అనేవాణ్ణి, ఆయనా నన్ను అలాగే పిలిచేవాడు.

మా ఊళ్ల నుంచి అండమాన్‌కి పనికి వెళ్లినవాళ్లు చాలామంది. ఇక్కడ ఎవరైనా పోతే వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో విమానమెక్కి, చెన్నైలో మారి, విశాఖలో దిగుతారు. తీసుకురావడానికి వెళ్లేది బావే. అందుకే శవాన్ని ఎప్పుడు ఎత్తాలో పెద్దలు ముందు ఆయన్ని అడిగేవారు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఆయనకి పట్టదు. సామాను వచ్చేదాకా నిలబడటం, టెక్కలి దగ్గర లారీల వరస, ఊరి ముందు రైల్వే గేటు, అన్నీ కలిపి గుమ్మం దాకా లెక్కగట్టేవాడు. పైన ఇంకో గంట వేసేవాడు. డిక్కీలో ఎప్పుడూ నీళ్ల క్యాను ఉండేది. కాశీబుగ్గకి ముందు కారాపి, వచ్చినవాళ్ల చేత ముఖం కడిగించేవాడు.

"ఏడుపు సగం దారిలోనే అయిపోవాల బావా. లేపోతే గుమ్మంకాడ పడిపోతారు."

రెండేళ్లు రోజు విడిచి రోజు డయాలిసిస్. మిగతా రోజుల్లో స్టీరింగ్. నా వార్తలు చదివి ఎగతాళి చేసేవాడు. "నీ పేపరు కిలోమీటర్లు రాత్తాది. గంటలు ఎవుడు రాత్తాడు?" కిలోమీటర్లు మారవు కదా అనేవాణ్ణి.

ఆయన కూతురు పోర్ట్ బ్లెయిర్‌లో నర్సు. ఫోన్ చేసింది నేనే. సీటు దొరికిందనీ, ఒంటిగంటకి విశాఖలో దిగుతాననీ చెప్పింది. ఎన్నింటికి ఎత్తాలని పెద్దలు నన్నడిగారు. అడగడానికి బావ లేడు. ఫోన్‌లో మ్యాపు తీశాను. నాలుగు గంటలు చూపించింది. ఐదింటికి వచ్చేస్తుందన్నాను.

పొద్దుగూకాక మా దగ్గర చితి ముట్టించరు. ఆరు దాటుతుందని చెప్పి ఉంటే పలాస నుంచి ఐస్ బాక్సు తెప్పించి మర్నాటికి ఉంచేవారు. ఐదని చెప్పాను కాబట్టి బాక్సు తెప్పించకుండా కట్టెలు పేర్చేశారు.

ఐదింటికి ఆమె టెక్కలి దగ్గర లారీల వెనక ఉంది. ఇంకో అరగంట అన్నాను. కాసేపటికి మళ్లీ అదే అన్నాను. "ఇందాకా అరగంటే అన్నావు బాబూ," అన్నాడొక పెద్దాయన, కోపం లేకుండానే. పొద్దు జీడితోటల వెనక్కి దిగిపోతోంది. ఎత్తారు. నేనూ భుజం పట్టాను.

నిప్పు పెట్టగానే ఇంటికి వచ్చేశాను. ఆమెకి ఎవరో ఒకరు చెప్పాలి. ఆరుంపావుకి అద్దె కారు వచ్చి ఆగింది. గుమ్మం ముందు శవాన్ని ఉంచిన బల్ల ఖాళీగా ఉండటం చూసింది. తోటల మీద పొగ చూసింది. చెప్పాల్సిన పని లేకపోయింది.

"మావా, ఎన్నింటికని సెప్పినావు?"

"ఐదని."

"మా నానైతే ఏడింటికనీవోడు."

వాళ్ల నాన్న కారు దగ్గరికెళ్లి డిక్కీ తీసింది. క్యాను నిండా నీళ్లున్నాయి. నా చేతికిచ్చి, కారు పక్కనే నేల మీద కూర్చుని దోసిలి పట్టింది. పోశాను. ముఖం కడుక్కుని మళ్లీ పట్టింది. క్యాను అయిపోయేదాకా ఆమె పడుతూనే ఉంది, నేను పోస్తూనే ఉన్నాను.