ఊదుబత్తి పొగలో మ్యూయాన్

కరోనా తర్వాత కాలేజీలు మామూలుగా నడవడం మొదలైన ఏడాది జూన్‌లో నన్ను సికింద్రాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీకి ఫిజిక్స్ శాఖాధిపతిగా వేశారు. రిటైర్మెంట్‌కు ఇంకా రెండేళ్లుంది. శాఖ అంటే నేను, గెస్ట్ లెక్చరర్ స్వప్న, సగం పనిచేసే లాబొరేటరీ. గెస్ట్ అని పేరే గానీ పాఠాల్లో ఎక్కువ భాగం ఆమెవే. ఉద్యోగం మాత్రం ఏటికేడు రెన్యువల్ మీద.

చేరిన వారానికే ప్రిన్సిపాల్‌గారు పిలిచి విషయం చెప్పారు. పిల్లలందరూ కంప్యూటర్ కోర్సులకు పోతున్నారు, ఫస్టియర్‌లో సగం సీట్లయినా నిండకపోతే ఫిజిక్స్ గ్రూపు ఎత్తేస్తారు. అలా జరిగితే నాకు ఇంకో కాలేజీకి బదిలీ దొరుకుతుంది. స్వప్నకు ఏమీ దొరకదు. సీతాఫల్‌మండిలో ఆమె ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది.

అడ్మిషన్ల రోజుల్లో ప్రతి శాఖా ఇంటర్ పాసైన పిల్లలకూ తల్లిదండ్రులకూ ఏదో ఒకటి చూపించాలి. కంప్యూటర్ వాళ్లు రోబోను తిప్పుతారు. మేం క్లౌడ్ చాంబర్ కట్టాం. ఆకాశం నుంచి నిత్యం మన మీద పడే మ్యూయాన్లనే కణాల జాడను కంటికి చూపించే పెట్టె అది. చిలకలగూడలో కొన్న చేపల తొట్టెను నల్లటి లోహపు పళ్లెం మీద బోర్లించాం. పళ్లెం కింద డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, తొట్టె లోపల పైభాగాన ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డ. ఆవిరి కిందికి దిగి బాగా చల్లబడుతుంది. అందులోంచి కణం దూసుకుపోతే ఆ దారి వెంట సన్నటి తుంపర కట్టి, టార్చి వెలుగులో తెల్లని దారంలా కనిపిస్తుంది.

ఆ ఉదయం జనం వచ్చి తొట్టె చుట్టూ నిలబడ్డారు. లోపల పొగమంచు తప్ప ఒక్క గీత లేదు. ప్రిన్సిపాల్‌గారు నా వైపు వంగి, "మేడమ్, ఇది ఐస్‌క్రీమ్ బండి లెక్కుంది," అన్నారు. అప్పుడే స్వప్న నన్ను పక్కకు పిలిచింది.

"తొట్టె బోర్లించే ముంగట లోపల ఊదుబత్తి తిప్పిన మేడమ్. కొత్త మిషను కదా, దండం పెట్టకుండ ఎట్ల షురూ చేస్తం?"

నాకు ఒళ్లు మండిపోయింది. కొత్త లారీ అయినా జిరాక్స్ మిషనైనా ఇక్కడ పూజ లేకుండా మొదలవదని నాకు తెలియదా? దేవుణ్ని నేనూ తలుచుకునే వచ్చాను. కాకపోతే మా చర్చి ప్రార్థనకు పొగ రాదు. ఆల్కహాల్ సీసా పక్కన పెట్టుకుని నిప్పేమిటి? పైగా పొగలోని ప్రతి నలుసు మీదా ఆవిరి చుక్క కట్టి, కణాల గీతలకు మిగలదని ఏటా పాఠం చెప్పేది ఈమే! తిట్టడానికి నోరు తెరిచాను గానీ, జనం వినేంత దగ్గరలో ఉన్నారని తొట్టె వైపు తిరిగాను.

తొట్టె ఎత్తి తుడిచేద్దామంది స్వప్న. వద్దన్నాను. ఎత్తితే చల్లదనమంతా పోతుంది, గదిలోని దుమ్ము లోపలికి చేరుతుంది. కదిలించకుండా ఉంచితే నలుసుల మీద కట్టిన చుక్కలు బరువెక్కి, పొగను వెంటబెట్టుకుని కిందికి రాలతాయి. దానికి కాస్త టైము కావాలి. అందాకా వీళ్లను నువ్వే నిలబెట్టాలి అని చెప్పాను.

ఆమె జరిగింది జరిగినట్టు చెప్పేసింది. లోపల ఊదుబత్తి పొగ ఉంది, అది వానలా రాలిపోతోంది, అది పోయాక ఆకాశం నుంచి పడే కణాల గీతలు కనిపిస్తాయి, చూడండి అంది. జనం నవ్వి ముందుకు వంగారు. ఒక తల్లి భయంగా, "గవి మన మీద పడ్తె ఏమన్న తక్లీఫా?" అని అడిగింది.

"ఇప్పుడు సుత పడ్తున్నయమ్మా. మీ అరచేతిల నుంచి సెకండుకొకటి పోతుంటది. ఏం గాదు."

ఆవిడ అరచేయి తిప్పి చూసుకుంది.

స్వప్న అసలు సంగతికి వచ్చింది. మ్యూయాన్ ఆయుష్షు సెకనులో దాదాపు ఐదు లక్షలవ వంతు. ఆ కాస్తలో ఎంత పరుగెత్తినా కిలోమీటరు దాటకూడదు. పుట్టేదేమో ఎన్నో కిలోమీటర్ల ఎత్తున. మరి ఇక్కడిదాకా ఎలా వస్తోంది? కాంతికి దగ్గరి వేగంతో పరుగెత్తేదాని కాలం, మన గడియారంతో చూస్తే, నెమ్మదిగా నడుస్తుంది. కాలం అందరికీ ఒక్కటే అనుకోవడం మన అలవాటు మాత్రమే.

ఆ తల్లి పక్కనున్న కూతురు ఊరుకోలేదు. "అంటే దానికో టైము, మనకో టైమా మేడమ్? ఎవరిది కరెక్టు?"

"రెండూ కరెక్టే. దాని టైము దానికి మామూలుగనే నడుస్తది. మన ఆకాశమే దానికి పొట్టిగ అయితది, గందుకే దూరం తక్కువ పడ్తది."

ఆ పిల్ల ఇంకేదో అడగబోయి ఆగి, తొట్టెలోకి వేలు చూపించింది. అడుగున తెల్లటి గీత ఒకటి మెరిసి కరిగిపోయింది. వెంటనే ఇంకొకటి. ఏళ్ల తరబడి బోర్డు మీద సుద్దతో గీసినదాన్ని కళ్లతో చూసేసరికి సంతోషంతో నా చేతిలోని టార్చి పక్కకు తిరిగిపోయింది. టార్చిని ప్రిన్సిపాల్‌గారే అందుకుని పట్టుకున్నారు.

ఆ అమ్మాయి అదే వారం చేరింది. మరికొందరూ చేరారు. సగం సీట్లు నిండి గ్రూపు నిలిచింది, స్వప్న రెన్యువల్ సిఫారసు మీద నేనే సంతకం చేశాను.

ప్రదర్శన అంటే అన్నీ సిద్ధం చేసుకున్నాకే జనాన్ని పిలవాలని అంతవరకూ అనుకునేదాన్ని. దేనికోసం ఆగాలో చెబితే జనం ఆగుతారు, ఆగినవాళ్లే ప్రశ్నలు అడుగుతారు. మిగిలిన రెండేళ్లూ పరికరం కుదురుకోకముందే పిల్లల్ని లాబ్‌లోకి పిలిచేదాన్ని.