ఉమ్మితే మెచ్చినట్టట

ఈ రోజు మా అబ్బాయి అప్పన్నకు ఉద్యోగం ఖాయమైంది. నా ఆనందం ఇంతా అంతా కాదు. కానీ ఎలా ఖాయమైందో నాకింకా అర్థం కాలేదు.

రంగూన్‌లో సేక్కాన్ రేవు దగ్గర ఇటలీ ద్రాక్షసారా అమ్మే దొర కొట్టులో వాడు పని నేర్చుకుంటున్నాడు. వాడు ఎంచిన ఎర్ర సరుకు ఇవాళ కొనడానికొచ్చే హోటలు మేనేజరుకు నచ్చితేనే పని ఉంటుందన్నారు. నేనూ వెళ్ళి ఓ మూల కూర్చున్నాను. సీసా మీద గడ్డం ముసలాయన బొమ్మ ఉంది. ఆయన నాటిన తోటను ఇప్పటికీ ఆయన మునిమనవలే చూస్తున్నారట.

మేనేజరు ఒక గుక్క తీసుకుని, పుక్కిలించి, బాల్చీలో ఉమ్మేశాడు. నేను లేచి మావాడి పక్కకు వెళ్ళాను.

"ఏటిరా, అంత సేదుగా ఉందేటి?" అన్నాను మెల్లగా.

"ఊరుకో నాన్నా. రుచి సూసీవోళ్ళు మింగరు. మింగితే మత్తెక్కిపోతాది."

అలా ఉమ్మి ఉమ్మి, చివరికి మేనేజరు సరుకంతా తనకే కావాలన్నాడు. నాకూ ఓ గుక్క పోశారు. వగరుగా ఉంది. అయినా సీసా మీది ముసలాయన చూస్తుండగా ఉమ్మబుద్ధి కాక మింగేశాను. అందరూ నవ్వారు.

ఇంటికొచ్చి మా ఆవిడ చేసిన పాయసం గిన్నెడు మింగాను. దొరల లెక్కన నాకది నచ్చనట్టేనా? రంగూన్‌లో తెలిసినవాళ్ళెవరైనా చెప్పండి.