సూరత్‌లో సాక్షి పక్కన కుర్చీ

సూరత్‌కు నేను చుట్టపుచూపుగా వెళ్లలేదు. ఒక దూరదేశపు యుద్ధంలో పరదేశీ కూలీలను బంధించి చంపించాడన్న అభియోగంపై ఒక సేనాపతిని అంతర్జాతీయ నేర న్యాయస్థానం విచారిస్తోంది. సూరత్‌లో ఉంటున్న మా మేనల్లుడు వెంకటి అందులో సాక్షి. సాక్షికి ధైర్యం కోసం పక్కన ఒక మనిషిని కూర్చోనిస్తారు. జిల్లా కోర్టులో గుమాస్తాగా రిటైరైన మేనమామను కాబట్టి నన్ను రమ్మన్నాడు. కేసు ముగిశాక వాడి కోరిక మీద గోప్యత ఎత్తేశారు. పేర్లు మార్చి ఇప్పుడు రాస్తున్నాను.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మూడింటికి రైలెక్కాను. స్లీపర్ టికెట్ చాలా ముందుగా తీసుకోవాలి. మగ్గాల పనికి తిరిగి వెళ్లేవారితో పెట్టె నిండిపోతుంది. ఎదుటి బెర్తులోని సిరిసిల్ల ఆయన నా చేతి గడియారం చూసి నవ్వాడు.

"గది సూరత్ల ఏం పనికొస్తది సారూ? లూములు బందైతేనే ఆడ రాత్రి. గవి బందు గావు."

మర్నాడు ఎనిమిదింటికి దిగాను. వెంకటి వచ్చాడు. స్టేషన్ ఎదుట లోచో అనే వేడి వేడి సెనగపిండి టిఫిను, టీ అయ్యాక సిటీ బస్సులో తాపీ నది దాటి, అమ్రోలి మీదుగా కోసాడ్ చేరాం. ఒకే అచ్చులో పోసినట్టు బ్లాకులు. తప్పిపోయినవాడికి ప్రతి మెట్లదారీ తనదే అనిపిస్తుంది.

వెంకటి గదికి ఎదురు తలుపు నర్సవ్వది. ఆమె కొడుకు రాజేశం, వెంకటి కలిసే ఆ దేశానికి పనికి వెళ్లారు. తిరిగి వచ్చింది వెంకటి ఒక్కడే. "వేరే వేరే సైట్లల్ల ఉన్నం, నాకు తెల్వది" అని ఆమెకు చెప్పాడు. మొదట ధైర్యం చాలక, తర్వాత సాక్షినని ఎవరికీ చెప్పకూడదన్న ఉత్తర్వు వల్ల. ఆమె ఇంతవరకూ దినాలు చేయలేదు, పెత్తరమాసకు కొడుకు పేరున బియ్యం ఇవ్వలేదు. సచ్చిండని ఎవలు జూసిన్రని అడుగుతుంది.

నన్ను చూడగానే గడపలోకి వచ్చింది. "అన్నా, నీకు ఇంగ్లీషు వస్తదట గద. బాధితుల వకీలు ఫోన్ల లింకు పంపిండు. కోర్టుల ఇయ్యాల ఎవలో సాక్ష్యం జెప్తరట. పొద్దుమీకి జర ఇని జెప్పు."

వెంకటి చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాడు.

ఒంటిగంటకు కోర్టు మనుషులు మమ్మల్ని ఒక గదికి తీసుకెళ్లారు. కిటికీలకు నల్లగుడ్డ. తెర మీద న్యాయమూర్తులు. వాళ్లకు అప్పుడు ఉదయం. ఇలాంటి పనికి వెళ్లేవారికి ఒక మాట: తోడు కూర్చున్నవారు మాట్లాడకూడదు, తల ఊపకూడదు. నీళ్ల గ్లాసు అందించవచ్చు.

వెంకటి తెలుగులో చెప్పాడు. బయటి ప్రపంచానికి వినిపించేది దాని ఇంగ్లీషు మాత్రమే. చెప్పేది దుబాసీ, ఒక స్త్రీ గొంతు. సాక్షి ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ, పేరు బదులు అంకె. కానీ నిందితుడికి మాత్రం ముఖం దాచరు. తన మీద చెబుతున్నది ఎవరో చూడడం అతని హక్కు. తెర మూలన అతను కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. వెంకటిని చూశాడు. చాలాసేపు, ఏ కోపమూ లేకుండా చూశాడు. వెంకటి నీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపాడు, అందించాను. రాజేశం చావు దగ్గరికి వచ్చేసరికి న్యాయమూర్తి బయటివారికి శబ్దం ఆపించాడు.

ఏడింటికి నర్సవ్వ గదిలో కూర్చున్నాం. ఆమె ఫోన్లో మధ్యాహ్నపు విచారణ రికార్డింగు పెట్టి లోటాకు ఆనించింది. వెంకటి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"గా ఆడామె మొగోళ్ల నడుమ ఎట్ల చిక్కింది, పాపం?"

"ఆమె దుబాసీ. సాక్షి మాటే ఆమె నోట వస్తోంది."

గోడౌను, ఎండ, తుపాకీలు. విన్నంత వరకు తెలుగులో చెప్పుకుంటూ వెళ్లాను. మధ్యాహ్నం తెలుగులో విన్న మాటలే ఇంగ్లీషయి, మళ్లీ నా నోట తెలుగవుతున్నాయి. ఇంతలో శబ్దం ఆగింది. న్యాయమూర్తుల పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"ఏమైంది?"

"గుర్తుపట్టే వివరాలు వచ్చేచోట వినిపించరమ్మా."

"గట్లయితే నా కొడుకు గీడనే ఉన్నడు." తెర మీద అరచెయ్యి ఆనించింది. "అన్నా, వాని నోట్లె నీళ్లన్న ఎవలన్న పోసిన్రా?"

నాకు తెలుసు. చెప్పకూడదు. "వినబడటం లేదు కదమ్మా" అన్నాను.

"పోసిన్రు పెద్దమ్మా." వెనక నుంచి వెంకటి గొంతు. "తాగిండు. తాగినంకనే పోయిండు."

ఆమె వెనక్కి తిరగలేదు. తెర మీద పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి చెయ్యి తీసి, కొంగుతో ఫోను తుడిచింది.

"సౌండు బందున్నది గద బిడ్డా. నేనేం ఇనలే."

మర్నాడు ఉదయం తాపీ ఒడ్డున రాజేశానికి నీళ్లు వదిలించింది. ఆ పనికి వెంకటినే రమ్మంది. పూజారి హిందీలో, చనిపోయినవాడికి ఏమవుతావని అడిగాడు. వాడు నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"పడోసీ. ఖాళీ పడోసీ." ఉత్త పొరుగువాడు, అంతే.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. తీర్పు ఎప్పుడొస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. నాకు నిద్ర పట్టలేదు. సాక్షి ఎవరో ఆ సేనాపతికి తెలుసు. నర్సవ్వకు తెలియదు. కేసు ముగిసేదాకా ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఆమె తెలియదనే చెప్పేది.