కుర్చీలోంచి లేవని లైబ్రేరియనమ్మ

లైబ్రేరియనమ్మకి తెలియని పుస్తకం లేదండీ! ఏది ఏ బీరువాలో ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది. వచ్చిన చిక్కల్లా మనుషులతోనే. అటెండరు పుస్తకాలు సర్దడం పాపం, వెనకాలే వెళ్ళి మళ్ళీ సర్దేది. ఇక ఆయన మాత్రం ఎందుకు సర్దుతాడు? హాయిగా కునుకు తీసేవాడు. కునుకు బాబాయ్ అని పేరు కూడా పడింది. నిద్రపుచ్చింది ఈవిడేనని ఎవరికి తెలుసు?

ఇంతలో పైనుంచి కబురొచ్చింది. లైబ్రరీలో ఉద్యోగ సమాచార కేంద్రం పెడతారట. తనిఖీలో నడపగలదనిపిస్తే ఈవిడకే, లేదంటే లైబ్రరీలోని పెద్ద గదితో సహా వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట. ముందు శిక్షణకి వెళ్ళిరమ్మన్నారు.

"ఈ వయసులో బడికా! పలకా బలపం కొననా?" అన్నాడు మొగుడు.

"మీ నోటికి తాళం కొనండి," అని బయల్దేరింది.

అక్కడ పాఠం చెప్పే మేడమ్ అడిగింది, "మీరు వారం సెలవు పెడితే లైబ్రరీ నడుస్తుందా?"

"నేను లేకుండా ఎలా నడుస్తుందండీ!" అంది ఈవిడ గర్వంగా.

"అయితే మీకు జలుబు చేస్తే ఊరంతా తుమ్మాలన్నమాట!"

అందరితోపాటు తనూ నవ్వింది. భోజనాల దగ్గర గానీ ఆ మాట తగల్లేదు. బాబాయ్ కునుకు ఎవరి పుణ్యమో అప్పుడు తెలిసొచ్చింది!

తిరిగి రాగానే అటెండర్ని పిలిచింది. "బాబాయ్, ఉద్యోగాల కాగితాలు, పాత ప్రశ్నపత్రాల బీరువా ఇకనుంచి మీది. ఎలా సర్దుకుంటారో మీ ఇష్టం. నేను వేలు పెట్టను."

"మీరా? వేలు పెట్టకుండానా? చూద్దాం లేమ్మా!" అన్నాడాయన.

తనిఖీకి ఆఫీసరు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అప్పుడే ఒకమ్మాయి వచ్చి నర్సు పరీక్ష పాత ప్రశ్నపత్రాలు అడిగింది. బాబాయ్ పై అర తీశాడు. అయ్యో, అవి కింది అరలో ఉన్నాయి! ఈవిడకి కూర్చున్నచోటికే కనబడుతున్నాయి. లేవబోయి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

"ఇక్కడే పెట్టానే... ఉండమ్మా," అని గొణుక్కుంటూ వంగి, కట్ట బయటికి లాగాడు బాబాయ్. అంతటితో ఊరుకున్నాడా? "దరఖాస్తుకి గడువు దగ్గరపడింది తల్లీ, ఫొటో దిగావా?" అని అడిగాడు. అలా అడగమని ఆయనకి ఎవరూ చెప్పలేదు!

"కట్ట ఎక్కడుందో మీకు తెలుసుగా, లేవలేదేం?" అన్నాడు ఆఫీసరు.

"నేను లేస్తే ఆయన కూర్చుంటాడు సార్."

ఆఫీసరు పకపకా నవ్వి, కేంద్రం మీకే అనేశాడు.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా మొగుణ్ణి కేకేసింది. "ఏమండీ, కేంద్రం మనకే!"

"అబ్బో! ఏం చేశావేంటి?"

"ఏమీ చెయ్యలేదండీ! ఎంత కష్టమైందనుకున్నారు!"