పైడమ్మ గదికి నేను రాసిన రిపోర్టు

రైల్వేలో రిటైరైన మర్నెల్లోనే, కోవిడ్ గడిచాక వచ్చిన చలికాలంలో, ఖరగ్‌పూర్ స్టేషన్‌కి దగ్గర్లో ఒక సంస్థ నడిపే నిరాశ్రయుల వసతిగృహానికి సూపరింటెండెంటుగా చేరినాను. అంతకుముందు పాతికేళ్ళు నా పని రైల్వే క్వార్టర్ల తనిఖీ. మా ఖరగ్‌పూర్‌లో క్వార్టరు ఒకరి పేరున, కాపురం మరొకరిది కావడం కొత్తేం కాదు. చెప్పాపెట్టకుండా వెళ్ళి తలుపు కొట్టాలి. తీసిన మనిషి పేరు కాగితంలో లేకపోతే సబ్‌లెట్ అని, అంటే దొంగతనంగా అద్దెకిచ్చారని, రాసెయ్యాలి. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. ఆ పేరే కొంప ముంచింది. నాది కాదు, పైడమ్మది.

పైడమ్మ మొగుడు వర్క్‌షాపులో ఖలాసీ. అతను పోయాక క్వార్టరు ఖాళీ చేసి, ఏళ్ళ తరబడి ప్లాట్‌ఫారం మీదే బతికి, చివరకి మా దగ్గర చేరింది. ప్రేమ్ బజార్‌లో ఒక హోటల్లో గిన్నెలు తోమేది. స్థిరంగా పని చేసుకునేవాళ్ళ పేర్లు మేం పంపితే, ప్రభుత్వ ఇళ్ళ ఆఫీసు ఒక్కో గది ఇస్తుంది. ఆర్నెల్లు మేం తనిఖీ చేసి రిపోర్టులు పంపాలి. అవి బాగుంటే గది ఖాయం. అలా పైడమ్మకీ గది వచ్చింది. తాళంచెవి ఇచ్చిన రోజు, "లోపల్నుంచి గెడెట్టుకోవచ్చా బాబూ?" అని అడిగింది.

అయిదో నెల ఒక మధ్యాహ్నం, పైడమ్మ హోటల్లో ఉన్న వేళ, ఆమె గది తనిఖీకి వెళ్ళినాను. ఎవరో బెంగాలీ ముసలామె తలుపు తీసింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, తాడు మీద ఆమె చీరలు ఆరుతున్నాయి. ఎవరని గద్దించినాను. ఇక్కడే ఉంటున్నానంది భయపడిపోతూ. ఇంకేం కావాలి నాకు? గుమ్మంలో నిలబడే సబ్‌లెట్ అని రాసి సంతకం పెట్టేసినాను.

పది రోజులకి గది రద్దయింది. పైడమ్మ మూటతో నా ఆఫీసుకొచ్చింది.

"అద్దెకిచ్చినానని రాసినావట, ఏటి బాబూ ఇది? పదేళ్ళు టేసన్లో మావిద్దరం పక్కపక్కనే తొంగున్నాం. ఒక్కద్దాన్నే గదిలో తొంగుంటే నిద్దరట్టదు. అందుకని దాన్ని తోడు తెచ్చుకున్నాను. నన్నడిగితే సెప్పనా?"

అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు మరి. అప్పటికప్పుడే ఇళ్ళ ఆఫీసుకి పరిగెత్తినాను. పొరపాటు నాదేనని రాసిస్తానన్నాను. అక్కడి బెంగాలీ గుమాస్తా నా సంతకమే నాకు చూపించి, గది వేరేవాళ్ళకి ఇచ్చేశాం దాదా అన్నాడు.

ఒకసారి గది పొందినవాళ్ళని వసతిగృహంలో మళ్ళీ చేర్చుకోకూడదు. రూలు పక్కనపెట్టి రమ్మన్నాను. ఇద్దరికీ చోటుందా అని అడిగింది. ఒక్క మంచమే ఖాళీ అన్నాను. "అయితే వద్దులే బాబూ" అని మూట ఎత్తుకుంది. ఇద్దరూ తిరిగి ప్లాట్‌ఫారానికే పోయినారు. నేను ఈ వసతిగృహం పని మానేసేదాకా అక్కడే ఉన్నారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. తలుపు తీసిన మనిషి ఇంటావిడకి ఏమవుతుందో ముందు అడగండి. సంతకం ఆ తరవాత.